క్యాంపింగ్‌లో పోత ఇనుము: కడగడం, సర్దడం, క్షేమంగా ఇంటికి తెచ్చుకోవడం

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. మిమ్మల్ని చూసి కాదు లెండి, పదమూడేళ్ళ కిందటి నన్ను తల్చుకుని. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డాలస్ నుంచి నాలుగు కుటుంబాలు కలిసి టైలర్ స్టేట్ పార్కుకి వెళ్ళారు. కొత్తగా కొన్న పది అంగుళాల స్కిల్లెట్ (పిడి ఉన్న పోత ఇనుప పెనం), పన్నెండు అంగుళాల డచ్ ఓవెన్ (మూడు కాళ్ళు, బరువైన మూత ఉన్న పోత ఇనుప పాత్ర) తీసుకెళ్ళారు. ఆదివారం పొద్దున అట్లు, కోడికూర అయ్యాక రెండూ కుళాయి కింద కడిగి, కిరాణా కవర్లలో చుట్టి డిక్కీలో పెట్టారు. ఇంటికొచ్చాక అలసిపోయి అలాగే వదిలేశారు. బుధవారం తీస్తే స్కిల్లెట్ నిండా నారింజ రంగు, డచ్ ఓవెన్ మూత ఎత్తితే ముక్కు మూసుకునే వాసన. సబ్బు వాడొచ్చా, ఇంత బరువు కారులో ఎలా సర్దాలి, తుప్పు పట్టినవి పారెయ్యాలా, ఇండియా నుంచి అమ్మ తెస్తానంటున్న అట్ల పెనం తెమ్మనాలా అని అడిగారు.

పారెయ్యకండి. పోత ఇనుము పగిలితేనే పనికిరాదు. తుప్పుదేముంది, ఒక పూట పని.

మా అబ్బాయి స్కౌట్స్‌లో ఉన్న ఏడేళ్ళూ వాళ్ళ ట్రూప్ వంట సామాను మా గరాజ్‌లోనే ఉండేది. అందులో డచ్ ఓవెన్లు ఆరు, స్కిల్లెట్లు నాలుగు. పన్నెండేళ్ళ పిల్లలు ఇరవై మంది వాడి, "కడిగేశాం అంకుల్" అని చెప్పి పెట్టెలో పెట్టేవాళ్ళు. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి నేర్చుకున్నాను. కింద రాసేదంతా ఆ చదువే.

మీ పెనానికి ఏం జరిగిందో ముందు చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే మిగతా సగం జాగ్రత్తలు మీకే తడతాయి. వాడిన పెనం మీద ఉండే నల్లటి పొరని సీజనింగ్ అంటారు, అది జిడ్డు కాదు. పలచగా రాసిన నూనె బాగా కాగినప్పుడు దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుపోయి, కడిగినా పోని గట్టి పూతగా మారతాయి. ఏళ్ళ తరబడి వాడిన పెనం మీద ఇలాంటి పూతలు పొరలు పొరలుగా ఉంటాయి. కొత్త పెనానికి ఫ్యాక్టరీవాళ్ళు వేసి ఇచ్చే పూత పలచన, మధ్యమధ్య సందులు. ఆ సందుల్లో నీళ్ళూ గాలీ కలిసి ఇనుముని పట్టుకుంటే తుప్పు. మీరు తడి ఆరని పెనాన్ని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో మూడు రోజులు ఉంచారు. ఇడ్లీ పాత్రలో పెట్టి మూతపెట్టినట్టే అయింది. డచ్ ఓవెన్ వాసన సంగతి వేరే. అంచుల్లో మిగిలిన కోడికూర జిడ్డు, మూత బిగించి ఉండటంతో కనరెక్కింది. మీరు పార్కులో కడిగిన పద్ధతిలో నాకు పెద్ద తప్పు కనపడలేదు. ఆదివారం మధ్యాహ్నం టెంట్లు విప్పుతూ, పిల్లల చెప్పులు వెతుకుతూ, పన్నెండింటికల్లా సైట్ ఖాళీ చెయ్యాలన్న తొందరలో అందరం చేసేదే చేశారు.

నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, ఆదివారం పొద్దున పోత ఇనుములో వంటే పెట్టను. శనివారం రాత్రి వంటతో వాటి పని సరి. రాత్రే కడిగి, ఆరబెట్టి, పెట్టెలో పెట్టేస్తాను. పొద్దున బ్రెడ్డు, అరటిపళ్ళు, టీ. ఈ ఒక్క అలవాటుతో నా తలనొప్పి మూడొంతులు తగ్గింది. మా ఆవిడకి మాత్రం అడవిలో పొద్దున్నే వేడి పెసరట్టు లేకపోతే క్యాంపింగ్‌కి వచ్చినట్టే ఉండదు, కాబట్టి అట్ల పెనం ఒక్కదానికి మినహాయింపు.

అట్ల పెనానికి ఆ మినహాయింపు ఇవ్వడం తేలిక కూడా. అట్లు, ఆమ్లెట్లు, చపాతీలు చేసిన పెనానికి నీళ్ళు తగలక్కర్లేదు. వేడి ఉండగానే అట్లకాడతో గీకి, మసిగుడ్డతో తుడిచి, చుక్క నూనె రాస్తే అయిపోయింది. మన ఇళ్ళల్లో అట్ల పెనాన్ని రోజూ తోమిందెవరు? వంకాయ తొడిమనో సగం కోసిన ఉల్లిపాయనో నూనెలో ముంచి రుద్దేవాళ్ళు, మర్నాటి దాకా గూట్లో పెట్టేవాళ్ళు. వేరే ఇంటివాళ్ళు వచ్చి దాని మీద కూర వేయించారంటే గొడవే.

కోడికూర, వేపుడు అంటుకున్నప్పుడు ఇలా చెయ్యండి. వడ్డించగానే, పెనం ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, గ్లాసుడు వేడినీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టండి. రెండు నిమిషాలు మరిగితే అడుగున పట్టిన మసాలా మెత్తబడి అంచుల నుంచి లేవడం కనిపిస్తుంది. చెక్క గరిటె చదును అంచుతో తోస్తే పొరలు పొరలుగా వచ్చేస్తుంది. ఆ నీళ్ళు వంపేసి, కొబ్బరి పీచుతో ఒకసారి రుద్దండి. నేను గొలుసు అల్లికలా ఉండే స్టీలు తోముడు గుడ్డ వాడతాను, గుండ్రటి కడియాలు కాబట్టి పూతని గీకదు, అంటుకున్నదాన్ని మాత్రం వదిలిస్తుంది. అది లేకపోతే గుప్పెడు రాళ్ళ ఉప్పు, చెంచా నూనె వేసి పాత గుడ్డతో తిప్పుతూ రుద్దినా సరిపోతుంది. కాకపోతే ఉప్పు పూర్తిగా దులిపెయ్యాలి. అది గాల్లో తేమని లాక్కుంటుంది, వదిలేసిన చోట మర్నాటికి తుప్పు చుక్క పుడుతుంది.

ఇక సబ్బు. పోత ఇనుముకి సబ్బు తగలకూడదన్న మాట పాత రోజుల్లో నిజమే. అప్పటి సబ్బుల్లో కాస్టిక్ సోడా మిగిలి ఉండేది, అది ఈ పూతని నిజంగానే తినేస్తుంది. ఇప్పటి గిన్నెల లిక్విడ్‌లో అది లేదు. రెండు చుక్కలు వేసి తోమి వెంటనే కడిగెయ్యండి, ఏమీ కాదు. చేపల కూర చేశాక నేను సబ్బు వాడతాను, లేకపోతే మర్నాడు అట్టు పులస వాసనొస్తుంది. పూతకి అసలు ముప్పు నానబెట్టడం వల్ల. రాత్రి నీళ్ళు పోసి పొద్దున తోముదామనుకోవడం స్టీలు గిన్నెలకి పనికొచ్చే తెలివి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకోటుంది. క్యాంపులో బొగ్గుల బూడిద చేతికందేంత దూరంలో ఉంటుంది, ఊళ్ళో అంట్లు బూడిదతో తోమిన జ్ఞాపకం ఉంటుంది, ఇంకేం, పీచు బూడిదలో ముంచుతారు. బూడిద నీళ్ళతో కలిస్తే క్షారం. జిడ్డు అంత బాగా వదలడానికి కారణం అదే, కష్టపడి తెచ్చుకున్న నల్లటి పూత వదలడానికీ అదే. ఇత్తడి గిన్నెలకి బూడిద మంచిదే, దీనికి వద్దు. డచ్ ఓవెన్ మూత మీద బొగ్గులు పెట్టినప్పుడు మిగిలే బూడిదని కూడా పొడిగా ఉండగానే చిన్న చీపురుతో దులిపెయ్యండి. రాత్రి మంచుకి తడిసిందంటే మూత అంచు చుట్టూ తెల్లటి మరక, దాని కింద తుప్పు.

మూత మీద బొగ్గులనగానే గుర్తొచ్చింది. డచ్ ఓవెన్ మనకి కొత్తేం కాదు. మా అమ్మమ్మ దిబ్బరొట్టె వేసేటప్పుడు మూకుడు కింద సన్నటి సెగ, పైన మూత మీద నాలుగు నిప్పు కణికలు పెట్టేది. ఇక్కడి మూతకి అంచు ఉంటుంది, కింద మూడు కాళ్ళుంటాయి, అంతే తేడా. పన్నెండు అంగుళాలదానికి పైన పదిహేను బ్రికెట్లు (అచ్చు పోసిన బొగ్గు బిళ్ళలు), కింద తొమ్మిది పెడితే దాదాపు 325 ఫారెన్‌హీట్, అంటే 165 సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. అంగుళాల లెక్కకి పైన మూడు కలపడం, కింద మూడు తగ్గించడం, ఇదే సూత్రం. దిబ్బరొట్టె అద్భుతంగా వస్తుంది, ప్రయత్నించండి. టెక్సస్ శాసనసభ 2005లో ఈ పాత్రని రాష్ట్ర అధికారిక వంట సాధనంగా ప్రకటించింది. యూటా అంతకంటే ముందే, 1997లో. మా అమ్మమ్మకి ఈ ముక్క చెబితే నమ్మేది కాదు.

కడిగిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలన్నది మీరు అడగలేదు, అడగాల్సిన ప్రశ్న. సైట్‌లో ఉన్న తాగునీటి కుళాయి దగ్గర గిన్నెలు కడగడం చాలా పార్కుల్లో నిషేధం. మెతుకులు, మసాలా నీళ్ళు పడిన చోటికి చీమలు, ఈగలు, రాత్రికి రకూన్లనే చిన్న అడవి జంతువులు వస్తాయి, తర్వాత వచ్చే కుటుంబం అనుభవిస్తుంది. గిన్నెలు కడిగే సింకు ఉంటే అక్కడికి పట్టుకెళ్ళండి. లేకపోతే టబ్బులో కడిగి, టీ వడకట్టే జల్లెడలో వడపోసి, పైన మిగిలింది చెత్త సంచిలో వెయ్యండి. నీళ్ళు పార్కు చెప్పిన చోట పొయ్యండి. అలాంటి చోటు లేని అడవిలోనైతే చెరువుకీ వాగుకీ 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ళ అడుగులు ఒక డెబ్భై నడిచి, ఒకేచోట గుమ్మరించకుండా చల్లండి. అన్నట్టు పెనం కడిగే ముందే పేపర్ టవల్‌తో జిడ్డంతా తుడిచేస్తే వడపోసేది పెద్దగా ఉండదు, నీళ్ళూ సగమే పడతాయి.

జంతువుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒకసారి కాడో లేక్ దగ్గర బాగా తుడిచి నూనె రాసిన స్కిల్లెట్‌ని బల్ల మీదే వదిలేసి పడుకున్నాం. రాత్రి రెండింటికి టంగుమని చప్పుడు. టార్చ్ వేసి చూస్తే రకూన్ ఒకటి బల్లెక్కి, పెనాన్ని రెండు చేతులతో పట్టుకుని తాపీగా నాకుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు. రకూన్ కాబట్టి నవ్వుకున్నాం. ఎలుగుబంట్లు తిరిగే చోట నవ్వులాట కాదు. నూనె పట్టిన పెనం వాసన వాటికి అన్నం వాసనే. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో చీకటి పడ్డాక తిండి సామాను కారులో ఉంచనివ్వరు, సైట్‌లో ఉన్న ఇనప లాకర్లో పెట్టాలి. స్మోకీ మౌంటెన్స్ పార్కులో వంట పాత్రలు కూడా బయట వదలకూడదు, వాడనప్పుడు బండిలో పెట్టి తాళం వెయ్యాలి. ఒక్కో పార్కుది ఒక్కో నిబంధన, వెళ్ళే ముందు చదువుకోండి. పనిలో పనిగా నిప్పు సంగతీ చూసుకోండి. టెక్సస్ వేసవిలో కౌంటీలు మంటల మీద నిషేధం పెడుతుంటాయి, బిగ్ బెండ్ నేషనల్ పార్కులో అయితే కట్టెల మంట ఎప్పుడూ కుదరదు. అలాంటప్పుడు గ్యాస్ స్టవ్ తీసుకెళతాం. చిన్న సిలిండర్ నెత్తిన బిగించే బుల్లి స్టవ్ మీద మాత్రం పెద్ద పెనం పెట్టకండి. ఆ వెడల్పుకి వేడి కిందకి తిరిగి సిలిండర్‌ని కాలుస్తుంది, బరువుకి ఒరిగిపోతుంది కూడా. రెండు బర్నర్ల స్టవ్ ఉండాలి.

ఇప్పుడు ఆరబెట్టడం. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. గుడ్డతో తుడిస్తే ఆరినట్టు కాదు. పైకి పొడిగా కనపడినా గరుకు సందుల్లో చెమ్మ ఉంటుంది. తుడిచాక సన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. మొదట పెనం మీద పొగమంచులా ఒక మసక వస్తుంది, అది మెల్లగా మాయమవుతుంది. మాయమయ్యాక ఇంకో నిమిషం. దించి, అర చెంచా నూనె వేసి, లోపలా బయటా పిడికీ అంతటా రాసి, మళ్ళీ పొడి గుడ్డతో ఆ నూనె అంతా తుడిచెయ్యండి. అసలు నూనె రాశామా అన్న అనుమానం రావాలి. మనవాళ్ళు చెయ్యి ఆగక ఎక్కువ రాస్తారు. ఎక్కువైతే ఆరి జిగటగా మారుతుంది, నెలరోజులకి కనరు కంపు కొడుతుంది. డచ్ ఓవెన్ మూతని విడిగా ఇలాగే చెయ్యాలి, అందరూ మర్చిపోయేది మూత లోపలి వైపు. నూనె తుడిచిన గుడ్డలు ముద్దచేసి సంచిలో కుక్కి వేడి కారులో వదలకండి. కొన్ని నూనెలు ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి, గుడ్డల ముద్ద తనంతట తానే అంటుకోవచ్చు. అవిసె నూనె గుడ్డలతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తొందరలో ఉన్నప్పుడు వేడి పెనం మీద చల్లనీళ్ళు పొయ్యాలన్న బుద్ధి పుడుతుంది. ఇంక్స్ లేక్‌లో మా మిత్రుడొకాయన, చేతులు కాలకుండా త్వరగా చల్లారాలని, ఐస్ పెట్టెలో కరిగిన నీళ్ళు చెంబుతో తీసి సెగలు కక్కుతున్న స్కిల్లెట్‌లో పోశాడు. ఆవిరి బుస్సుమని లేచింది, వెనకే ఠప్పుమని ఒక్క చప్పుడు. అంచు నుంచి మధ్య దాకా వెంట్రుకంత గీత. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, అది లోపల సన్నటి గ్రాఫైట్ రేకుల్లా పరుచుకుని ఉంటుంది. అందుకే సాగదు, వంగదు, ఒక్కసారే విరుగుతుంది. వేడి పైన ఒకలా కింద ఒకలా మారితే చీలుతుంది, రాతి మీద పడినా చీలుతుంది. మీ రెండు పాత్రల్నీ ఒకసారి పిడితో పట్టుకుని చెక్క గరిటెతో కొట్టి చూడండి, సంతలో కుండ కొనేముందు మోగించి చూసినట్టు. గంటలా మోగితే బాగున్నట్టు. మొద్దుగా, చచ్చుగా పలికితే ఎక్కడో చీలిక ఉంది.

కారులో సర్దడం దగ్గరికి వద్దాం. పది అంగుళాల స్కిల్లెట్ రెండుంపావు కిలోల పైమాటే. ఆరు క్వార్ట్‌లు, అంటే ఐదున్నర లీటర్ల పైచిలుకు పట్టే పన్నెండు అంగుళాల డచ్ ఓవెన్ మూతతో కలిపి ఎనిమిది తొమ్మిది కిలోలు. గట్టి బ్రేకు వేస్తే అది డిక్కీ నుంచి ఎగిరొచ్చే బండరాయి. కాబట్టి అన్నిటికంటే అడుగున, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టండి. టెంట్లు, దుప్పట్లు దాని మీద, చుట్టూ. సీటు మీద, పై అరలో వద్దు. డచ్ ఓవెన్ కాళ్ళు సన్నగా ఉంటాయి, మెత్తటి పరుపుల్ని, ఐస్ పెట్టె అడుగుని పొడిచేస్తాయి. అడుగున చెక్కపలక వేసిన ప్లాస్టిక్ క్రేట్‌లో పెడితే కుదురుగా ఉంటుంది. మూతకీ పాత్రకీ మధ్య పేపర్ టవల్ నాలుగు మడతలు పెట్టి, కొసలు అంచు మీంచి బయటికి వేలాడేట్టు వదలండి. దారి పొడుగునా గడగడలాడదు, లోపలి గాలీ ఆడుతుంది. స్కిల్లెట్లు ఒకదాంట్లో ఒకటి పెడితే మధ్యలో అట్టముక్క.

చుట్టడానికి నేను వాడేది సోనా మసూరి బియ్యం సంచి. గుడ్డ సంచుల్లో వచ్చే ఇరవై పౌండ్లవి. సరిగ్గా పది అంగుళాల స్కిల్లెట్ పట్టేంత ఉంటాయి, పైన తాడు కూడా ఉంటుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉంటే చింపెయ్యండి. గుడ్డ చెమ్మని పట్టి ఉంచదు, గీతలు పడనివ్వదు, మసి అంటినా బాధ లేదు. ఇదే పనికి దుకాణాల్లో ఖరీదైన సంచులున్నాయి. మన ఇళ్ళల్లో బియ్యం సంచులకి కరువేముంది?

చల్లారకుండా సర్దకండి. దళసరి ఇనుము వేడిని వదలదు, ఎర్రటి నిప్పు మీంచి దించిన డచ్ ఓవెన్ గంటన్నర తర్వాత కూడా చెయ్యి చురుక్కుమనిపిస్తుంది. మాలో ఒకాయన కారు డిక్కీ తివాచీ మీద మూడు కాళ్ళ అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకో సంగతి, ఐస్ పెట్టె పక్కన పెట్టకండి. చల్లబడ్డ ఇనుము మీద బయటి తేమ గాలి తగలగానే చెమటలు పడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి పట్టినట్టే. రాత్రంతా బయట చలిలో ఉన్న పెనానికీ పొద్దున ఇదే జరుగుతుంది.

ఇంటికి చేరాక ఆ రాత్రే బయటికి తీసి, మూత పక్కన పెట్టి గాలి తగలనివ్వండి. ఎంత అలిసినా ఇది రెండు నిమిషాల పని. గరాజ్ అంత మంచి చోటు కాదు. హ్యూస్టన్, గాల్వెస్టన్ వైపు ఉండేవాళ్ళకి అసలే కాదు, అక్కడి గాల్లో ఉప్పు కూడా ఉంటుంది. ఇంట్లో, వాడుతూ ఉండే చోట పెట్టుకోండి. మా స్కౌట్ పెట్టెలో తుప్పు పట్టేవి ఎప్పుడూ నెలల తరబడి వాడనివే. వారానికోసారి చపాతీ పడే పెనానికి తుప్పు పట్టడం నేను చూడలేదు.

సరే, మీ దగ్గర ఉన్న రెండింటిని బాగుచెయ్యడం. స్కిల్లెట్ మీద పైపైన నారింజ రంగే అయితే స్టీలు పీచు, సబ్బు వేసి కింద బూడిద రంగు ఇనుము కనపడే దాకా తోమండి. ఈ ఒక్కసారికి మాత్రం గట్టిగా తోమొచ్చు. మొండి తుప్పైతే తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి అందులో అరగంట ముంచి తోమండి. గంట దాటనివ్వకండి, పులుపు ఆ తర్వాత ఇనుముని తింటుంది. కడగ్గానే ఆరబెట్టాలి, బోసి ఇనుము మీద కొత్త తుప్పు నిమిషాల్లో మొదలవుతుంది. వెచ్చగా ఉండగా సన్‌ఫ్లవర్ గానీ కనోలా గానీ రాసి, ఇందాక చెప్పినట్టు తుడిచేసి, వంటింటి ఓవెన్లో బోర్లించి 450 ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు ఉంచి, ఆపేసి అందులోనే చల్లారనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే నల్లబడుతుంది. పొగ వస్తుంది, కిటికీలు తెరవండి. నేనైతే పెరట్లో గ్యాస్ గ్రిల్‌లో చేస్తాను, మా ఇంట్లో స్మోక్ అలారానికీ నాకూ పడదు. నెయ్యి, కొబ్బరినూనె ఈ పనికి వద్దు, అవి గట్టి పూతగా మారవు. అవిసె నూనె అద్దంలా మెరుస్తుంది గానీ తర్వాత పెచ్చులూడుతుంది. డచ్ ఓవెన్‌కి తుప్పు లేకపోతే సబ్బుతో రెండుసార్లు తోమి, ఖాళీగా ఓవెన్లో పెట్టి ఇదే వేడి చేస్తే ఆ కనరు వాసన కాలిపోతుంది.

ఆ తర్వాత ఒక నెల రోజులు అందులో వేపుళ్ళు, రొట్టెలు, ఉల్లిపాయ పకోడీలు చేసుకోండి. చింతపండు పులుసు, గోంగూర, టమాటా పప్పు వద్దు. పులుపు కొత్త పూతని లాగేస్తుంది, కూర నల్లబడి ఇనుము రుచి వస్తుంది. బాగా పాతబడ్డ పెనంలో టమాటా కూర చేసుకుని వెంటనే తీసేస్తే ఫర్వాలేదు. పులుసుకి మాత్రం నేను ఇప్పటికీ క్యాంపుకి స్టీలు గిన్నె తీసుకెళతాను.

చివరికి అమ్మగారి అట్ల పెనం. ముందు అది పోతదా, రేకుదా కనుక్కోండి. రేకు పెనం పలచగా ఉంటుంది, కింద పడితే సొట్ట పడుతుంది గానీ పగలదు. పోతది దళసరి, అడుగు గరుకు, పగిలే రకం. చేతి సంచిలో మాత్రం వద్దు. ఇక్కడ ఇంకో విమానం మారాల్సి వస్తే, టీఎస్‌ఏవాళ్ళు (అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్ళు) పోత ఇనుప పాత్రల్ని క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్ సామానులోనే పంపాలి. మా అమ్మ నాకు తెచ్చిన మొదటి పెనం పెట్టె అడుగున, చక్రాల వైపు పెట్టింది. ఇల్లు చేరి తెరిస్తే రెండు ముక్కలు. దాని పక్కనే ఉన్న ఆవకాయ సీసాకి చిన్న గీత కూడా పడలేదు. రెండోసారి పెట్టె నడిమధ్యన, కింద రెండు నేత చీరలు, పైన రెండు పెట్టి, పిడి మూలకి తగలకుండా సర్దించాను. క్షేమంగా వచ్చింది, పదకొండేళ్ళుగా అట్లు దాని మీదే. తెమ్మనండి. ఆవకాయ మాత్రం ఇంకో పెట్టెలో పెట్టమనండి, ఈసారి పగిలేది అదే అయితే చీరలు నాలుగూ పోతాయి.